సముద్రమునకు విశ్రాంతి దినములు

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:6–7, లేవీయకాండము 25:1–7, 35–37, మార్కు 1:19–20



ఏటేట ఏప్రిల్ 15వ తేదీన నిజాంపట్నం రేవులో మరపడవలు ఒడ్డున కట్టుబడును. అది మొదలు జూన్ 14 వరకు, అనగా 61 దినములు, తూర్పుతీరమంతటను ఇంజను పడవలతో వేట నిషేధము. 2015కు ముందు ఈ విరామము మే నెలాఖరుతో ముగిసెడిది. తెడ్లతోను తెరచాపతోను నడుచు చిన్న పడవలకు మాత్రము ఈ కట్టడి లేదు. ఈ నెలలలో అనేక జాతుల చేపలును రొయ్యలును గ్రుడ్లు పెట్టును. సముద్రపు అడుగును ఈడ్చుకొని వచ్చు వల తల్లిని విడువదు, పిల్లను విడువదు.

“సముద్రము దేవునిది గదా, సర్కారు దానికి తాళము వేయుటేమి?” అని కొందరు మమ్మును అడుగుదురు. సముద్రము దేవునిదే. గనుకనే ఆయన మాట వినవలెను. పక్షి గూడు త్రోవలో కనబడిన యెడల పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని పోనియ్యవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. రెండింటిని పట్టుకొనగల చేతిని దేవుడు ఆపుచున్నాడు. తలిదండ్రులను సన్మానించుమను ఆజ్ఞకు ఏ మేలును ఏ దీర్ఘాయువును వాగ్దానము చేయబడెనో, అవే ఈ చిన్న ఆజ్ఞకును వాగ్దానము చేయబడినవి. నేడు విడువబడిన తల్లి చేప రేపటి మన బిడ్డల అన్నము. కావున చీకటిచాటున ఇంజను పడవ దించువాడు సర్కారు కన్ను కప్పవచ్చును గాని, తన బిడ్డల కంచమునే దోచుకొనుచున్నాడు.

అయితే ఒడ్డున నిలిచి ఈ మాట చెప్పుట సులభము. రెండు నెలలు పొయ్యి వెలిగించుట కష్టము. ప్రభుత్వము 2019లో కుటుంబమునకు పదివేల రూపాయలును, 2025లో ఇరువదివేలును ఇచ్చెను. ఇరువదివేలను 61 దినములకు పంచిన యెడల ఇంటిల్లిపాదికి దినమునకు సుమారు 328 రూపాయలు. ఇది కొట్టివేయదగిన సహాయము కాదు. కాని ఇది వేటకు పోవువారి కొరకు ఏర్పడినది. గంపనెత్తుకొని ఊరూర చేపలమ్ము విధవరాలి మాటేమి? మంచు మోయు కూలివాని మాటేమి? జూన్‌లో బడులు తెరచునప్పుడు పుస్తకములు ఎక్కడనుండి వచ్చును?

అప్పుడే నూటికి మూడు, నూటికి ఐదు వడ్డీకి అప్పు పుట్టును. ఇచ్చువారెవరు? కొన్నిచోట్ల ఆదివారమున మనతోకూడ ప్రభువు బల్లయొద్దకు వచ్చువారే! భూమికి విశ్రాంతి నియమించిన లేవీయకాండము 25వ అధ్యాయమే, బీదపడిన సహోదరుని యొద్ద వడ్డీ తీసికొనవద్దనియు చెప్పుచున్నది. ఆ విశ్రాంతి సంవత్సరపు పంట యజమానునికి మాత్రమే గాక దాసునికిని, కూలివానికిని, పరదేశికిని, పశువులకును ఆహారము కావలెను. ఒకడు విశ్రమించి వేరొకడు పస్తుండిన యెడల అది దేవుని విశ్రాంతి కాదు.

జెబెదయి దోనెలో కుమారులతోపాటు కూలివారును ఉండిరని మార్కు వ్రాసెను. మన పడవలలోను సరంగు, కలాసీలు కలరు. పడవ యజమానులారా, ఈ దినములలో వలలు బాగుచేయించుచున్నారు, పడవకు రంగు వేయించుచున్నారు, మంచిదే. కలాసీ ఇంటిలో కుండ పొయ్యి ఎక్కినదో లేదో కూడ విచారించుడి. ఇప్పుడిచ్చిన బయానాను చూపి, వేట మొదలైన పిమ్మట అతని వాటాలో అధికముగా కోసికొనకుడి.

పొలముగల సంఘస్థులారా, మీ ఇండ్లలో స్త్రీలు వంటకు బియ్యము కొలుచునప్పుడు పిడికెడు తీసి ప్రభువు కొరకు దాచుట ఎరుగుదురు. ఈ 61 దినముల పిడికెడు బియ్యమును వేట లేని ఇండ్లకు ప్రత్యేకించుడని మా మనవి. సంఘ పెద్దలు ఇల్లిల్లు తిరిగి, పట్టికలో పేరు లేనివారిని ముందుగా కనుగొనవలెను. తీర గ్రామముల వారును దీనిని భిక్షమని యెంచక, సహోదరుల భాగముగా పుచ్చుకొందురు గాక. వేట మొదలైన పిమ్మట వారి గంపలోని చేప మెట్ట ఊరి రోగియొద్దకు చేరుట మేము అనేకమారులు చూచియున్నాము.

జలములను జీవులతో నింపి వాటిని దీవించిన దేవుడు, సముద్రమునకు నిమ్మళమును, ఒడ్డున కనిపెట్టువారికి అనుదినాహారమును, మనకందరికి తెరచిన చేతులను అనుగ్రహించును గాక. ఆమేన్.