మార్గమధ్యమున ముడుపు

విదేశములలో స్థిరపడిన తెలుగు కుటుంబములు వేంకటాచలయాత్రకై వచ్చునపుడు హైదరాబాదులో ఒక దినము నిలిచి నగరమును చూచుట నేడు పరిపాటి యైనది. ఉదయము 1591లో కట్టబడిన చార్మినారు, మధ్యాహ్నము 1951లో ప్రారంభమైన సాలార్జంగు ప్రదర్శనశాల, సాయంకాలమునకు మూసీనది దాటి అఫ్జల్‌గంజు మీదుగా బేగంబజారు. ఇందు దోషమేమియు లేదు. 1830లో కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారును దారిలో ఈ నగరమును చూచి, దాని విశేషములను తమ యాత్రాచరిత్రలో వ్రాసియుంచిరి. యాత్రికుడు కన్నులు మూసికొని నడువవలెనని ఎవరును విధింపలేదు.

చిక్కు బేగంబజారులో వచ్చును. నిజాం అలీఖాను బేగము వర్తకులకు ఒసగిన స్థలమున వెలసినదగుటచే దానికా పేరు కలిగెనని చెప్పుదురు. అచట ఇత్తడి, రాగి పాత్రలు దొంతరలుగా నుండును; తూచి అమ్ముదురు. దీపపు సెమ్మెలు, హారతి పళ్లెములు, పంచపాత్రలు చూచిన గృహిణికి చేయి ఊరకుండదు. చేతిలోని రొక్కము చాలదు. సంచి యడుగున పసుపుగుడ్డలో ముడుపు కలదు. బిడ్డకు జబ్బు చేసిననాడు మ్రొక్కి కట్టినది. "ఇప్పుడిది వాడుకొని, తిరుపతిలో బ్యాంకునుండి తీసి సరిచేయుదము. సెమ్మెయు స్వామి పూజకే కదా" యని ఇంటివారిలో ఒకరందురు. ఆ మాట సమంజసముగనే వినబడును.

కాని ధర్మశాస్త్రము అంగీకరింపదు. దాచుమని యుంచిన సొత్తును తన ఇచ్ఛచొప్పున వాడుకొనువాడు దండార్హుడనియు, దానిని వృద్ధితో సహా చెల్లింపవలెననియు యాజ్ఞవల్క్యుని మతము. తిరిగి యిచ్చుచున్నాడు గదా యని అతనిని విడిచిపెట్టలేదు, గమనింపుడు. ముడుపు కట్టిన క్షణముననే ఆ సొమ్ము స్వామిది. కట్టినవారు కాపరులు మాత్రమే. (ఆయనకు వడ్డికాసులవాడను పేరు ఊరక వచ్చినది కాదేమో!) భరతుడు పదునాలుగేండ్లు రాజ్యమును అన్నగారి న్యాసముగా కాపాడెను. అయోధ్య కోశము అందుబాటులో లేక కాదు ఆయన నారచీరలతో నందిగ్రామమున నుండుట. అప్పగించునాడు కోశము పదిరెట్లైనదని విన్నవించుకొనెను.

సమస్తమును శేషియైన భగవంతునిదే యైనపుడు ఏ సంచిలోనిదైన నేమి యని వాదించువారు కలరు. సిద్ధాంతము సరియే, దానిని తలక్రిందు చేయుచున్నారు. జేబులోని ధనమునుగూడ ఆయనదిగా చూడుమని ఆ సిద్ధాంతము చెప్పును గాని, ముడుపును తనదిగా చూడుమని కాదు. ఇంటిపూజకు సెమ్మె కొనుట గృహస్థుని కైంకర్యము. ఒకరి ధనముతో కొన్న కానుకను వారికే యిచ్చి "ఇది నేనిచ్చితిని" అనుట లోకములోనైనను చెల్లునా?

దారిలో బిడ్డకు మరల జ్వరము వచ్చి, వైద్యునకీయ వేరు పైకము లేనిచో ముడుపు విప్పుట వేరు విషయము. ప్రాణము నిలుపుమని మ్రొక్కిన మ్రొక్కు ప్రాణమునకు అడ్డు రాదు. ఇత్తడి తళుకు అట్టి యాపద కాదు.

కొద్ది బయానాతో వస్తువును వేరుగ నుంచు వర్తకులు బజారులలో ఉందురు. తిరుగు విమానము హైదరాబాదునుండియే యైనచో, కొండ దిగి వచ్చిన పిమ్మట సెమ్మెను తీసికొనవచ్చును.