శేషం ఎవరి కోసం?

పాడైన టీవీని పాత సామాన్లవాడికి వేసేముందు ఒకసారి విప్పి చూసే మనుషులు ప్రతి ఊళ్లోనూ కొందరుంటారు. పిక్చర్ ట్యూబు పోయి ఉంటుంది, బోర్డు కాలిపోయి ఉంటుంది. ముందు జాలీ వెనకాల స్క్రూలతో బిగించిన కోలపాటి స్పీకరు మాత్రం చాలాసార్లు చెక్కుచెదరకుండా ఉంటుంది. దాన్ని ఊడదీసి దాస్తారు. ఎవరో వద్దనుకున్న టేప్ రికార్డర్‌లోంచి ఇంకొకటి, పగిలిన స్పీకరు బాక్సులోంచి ఒక ట్వీటరు, మంచం చేయించినప్పుడు మిగిలిన ప్లైవుడ్ ముక్క, చిరిగిన దిండులో దూది, ఇవన్నీ కలిసి ఒక ఆదివారం సాయంత్రానికి పాట పాడే డబ్బా అవుతాయి. చూసేవాళ్లకు ఇది కాలక్షేపం. ఆ మాట తప్పేమీ కాదు. అయితే మన దర్శనాలు శతాబ్దాల తరబడి వాదించుకున్న ఒక ప్రశ్న ఈ కాలక్షేపంలో చేతికి అందేంత దగ్గరగా కనిపిస్తుంది. ఒక వస్తువు ఏ పని కోసం తయారైందో ఆ పని ముగిశాక, అందులో ఇంకేమైనా మిగిలి ఉంటుందా? మిగిలితే అది వస్తువులోనే ఉన్నదా, మళ్లీ వాడుకున్న మనిషి తెచ్చిపెట్టిందా?

మిగిలినదాన్ని మనం ‘శేషం’ అంటాం. ఈ మాటను లెక్కల పుస్తకానికి వదిలేశాం గానీ దాని బరువు చాలా ఎక్కువ. రుణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం ఉంచకూడదని పెద్దలు చెప్పేది ఎందుకు? మిగిలింది కొంచెమే అయినా అది చచ్చినది కాదు, మళ్లీ పెరుగుతుంది కాబట్టి. భయపెట్టడానికి చెప్పిన ఆ మాటలోనే శేషానికి శక్తి ఉందన్న ఒప్పుకోలు ఉంది. అథర్వవేదం పదకొండో కాండలో ఏడో సూక్తం ఇంకా ముందుకు వెళ్తుంది. అక్కడ స్తుతి పొందేది ఉచ్ఛిష్టం, అంటే హోమం అయ్యాక మిగిలినది. నామరూపాలూ, లోకాలూ, రుక్కులూ సామాలూ యజుస్సులూ అన్నీ ఆ మిగిలినదాని మీదే నిలిచి ఉన్నాయంటుంది సూక్తం. భాగవతం దశమస్కంధంలో దేవకి చేసే స్తుతిలోనూ ఇదే భావం ఉంది: సర్వమూ లయమయ్యాక మిగిలేవాడు కాబట్టి స్వామికి శేషుడని పేరు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో మొదటి రాత్రి స్వామి ఊరేగేది పెద్దశేష వాహనం మీద. వేల కళ్లు ఆ ఏడు పడగలను చూస్తాయి, ఆ పేరుకు అర్థం ‘మిగిలినది’ అని మాత్రం మనలో ఎక్కువమందికి తోచదు.

మీమాంసకులు ఈ మాటకు మరో అర్థం ఇచ్చారు, నా వాదానికి అసలు ఆధారం అదే. జైమిని సూత్రాల మూడో అధ్యాయంలో శేషమంటే పరార్థమైనది, ఇంకొకదాని కోసం ఉన్నది. యజ్ఞంలో ధాన్యం దంచడం పిండి కోసం, పిండి పురోడాశమనే హోమపు రొట్టె కోసం, పురోడాశం యాగం కోసం. రామానుజులు జీవుణ్ణి శేషమనీ ఈశ్వరుణ్ణి శేషి అనీ చెప్పినప్పుడు వాడుకున్నది ఈ అర్థాన్నే. మిగిలినదీ, పరుల కోసం ఉన్నదీ: ఒకే మాటకు ఈ రెండర్థాలు ఉండటం వట్టి యాదృచ్ఛికమని కొట్టిపారేయవచ్చు. బల్ల మీద విప్పి పెట్టిన స్పీకరును చూస్తే అలా కొట్టిపారేయబుద్ధి కాదు.

ముందు ఆ బల్ల మీదికే వెళ్దాం. ట్వీటరుకు బరువైన స్వరాలు అందకుండా దానికి వరసలో ఒక కండెన్సరు పెట్టాలి. 8 ఓమ్‌ల ట్వీటరుకు సాధారణంగా వేసేది 4.7 మైక్రోఫారడ్‌ల నాన్‌పోలార్ రకం. అది ఇంట్లో లేదనుకుందాం. పాత బోర్డు మీద 10 మైక్రోఫారడ్‌లవి రెండున్నాయి గానీ వాటికి ప్లస్, మైనస్ ఉన్నాయి. అవి ఒకే దిశలో వోల్టేజీని భరించేవి. పాట తాలూకు కరెంటు సెకనుకు వేల సార్లు దిశ మారుస్తుంది. ఒక్కదాన్నే పెడితే అది ఈ పనికి తగదు, కొన్నాళ్లకు పాడవుతుంది. తెలిసినవాడు ఏం చేస్తాడంటే, రెండింటి మైనస్ కాళ్లనూ కలిపి టంకం వేసి, రెండు ప్లస్‌లనూ బయటికి ఉంచుతాడు. ఒకటి తిరగబడే క్షణంలో రెండోది భారం మోస్తుంది. విలువ సగమై 5 మైక్రోఫారడ్‌లవుతుంది, దాదాపు 4,000 హెర్ట్జ్ దగ్గర హద్దు పడుతుంది. పనికిరాని రెండు ముక్కలు ఒకదానికొకటి వీపు ఆనించి నిలబడగానే పనికొచ్చే ఒకే ముక్క అయ్యాయి. రెండు దిశలనూ భరించే గుణం ఈ రెండింటిలో దేనికీ విడిగా లేదు. మరి ఎక్కణ్నించి వచ్చింది?

సాంఖ్యులను అడిగితే కార్యం కారణంలో ముందే ఉందంటారు. ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికల్లో తొమ్మిదోది ఇందుకు అయిదు హేతువులు చెబుతుంది. వాటిలో ఒకటి, శక్తి ఉన్నది తనకు శక్యమైనదాన్నే పుట్టిస్తుందని. వ్యాఖ్యాతల ఉదాహరణ మనకూ తెలిసిందే: నువ్వుల్లో నూనె ఉంది కాబట్టి గానుగాడితే వస్తుంది, ఇసుకలోంచి రాదు. నైయాయికులు దీన్ని ఒప్పుకోరు. గుడ్డ దారాల్లో ముందే ఉంటే నేతగాడెందుకని వాళ్ల ప్రశ్న. 17వ శతాబ్దపు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం చదువుకున్నవాళ్లకు ఈ లెక్క కంఠతా ఉంటుంది: దారాలు సమవాయి కారణం, దారాల కలయిక అసమవాయి కారణం, మగ్గం వగైరా నిమిత్త కారణం. గుడ్డ కొత్తగా పుట్టినది. మన కండెన్సర్ల జత నైయాయికుల పక్షానే సాక్ష్యం చెబుతున్నట్టుంటుంది, ఎందుకంటే అక్కడ కొత్తదంతా కలయికలోనే ఉంది. కానీ డబ్బా కట్టడం దగ్గరికి వచ్చేసరికి సాంఖ్యుల మాట బలపడుతుంది.

స్పీకరు కోన్‌కు తనదైన ఊగు ఉంటుంది. దాన్ని కొలవడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఒక రెసిస్టరును వరసలో పెట్టి, ఫోన్‌లోంచి స్వరాన్ని మెల్లగా పెంచుతూ, స్పీకరు కాళ్ల మీద వోల్టేజీ ఎక్కడ శిఖరం తాకుతుందో మల్టీమీటరుతో చూస్తే చాలు. తర్వాత బరువు తెలిసిన నాణేన్ని కొంచెం మైనంతో కోన్‌కు అంటించి మళ్లీ కొలిస్తే ఆ ఊగు కిందికి దిగుతుంది. ఎంత దిగిందో దాన్నిబట్టి కదిలే భాగం బరువూ, దాన్ని పట్టి ఉంచే అంచుల సాగుదనమూ లెక్కకు వస్తాయి. ఆ సాగుదనం ఎన్ని లీటర్ల గాలికి సమానమో కూడా తేలుతుంది. ఈ లెక్కలకు ఆధారం 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ రాసిన పత్రం, 1970ల తొలి ఏళ్లలో సిడ్నీ విశ్వవిద్యాలయం నుంచి రిచర్డ్ స్మాల్ చేసిన విస్తరణ. ఒక వూఫరు ఊగు 50 హెర్ట్జ్, సాగుదనం 30 లీటర్ల గాలికి సమానం అనుకుందాం. దాన్ని 10 లీటర్ల మూసిన డబ్బాలో బిగిస్తే ఊగు సరిగ్గా రెట్టింపై 100 హెర్ట్జ్ అవుతుంది. బిగించేవాడి భక్తి వల్లా ఆశ వల్లా ఆ సంఖ్య 60కి దిగదు. డబ్బా పెంచితే దిగుతుంది, దూది కూరితే ఇంకొంచెం దిగుతుంది, 50 కిందికి మాత్రం మూసిన డబ్బా ఎంత పెద్దదైనా తీసుకుపోలేదు. ఏ డబ్బాలో ఎలా పాడగలదో ఆ కాగితపు కోన్‌లో ముందే రాసి ఉంది.

ఇక్కడే నాకు తోచే తీర్పు ఇది. సాంఖ్యులు శక్తి విషయంలో సరి, నైయాయికులు కలయిక విషయంలో సరి. కానీ ఇద్దరి ఉదాహరణల్లోనూ నువ్వులు నూనె కోసమే, దారాలు గుడ్డ కోసమే. ఒక పని ముగించుకుని వచ్చిన వస్తువు ఆ ఉదాహరణల్లో లేదు. ఆ వస్తువును ముందుపెట్టి చూస్తే మూడో సంగతి తెలుస్తుంది: మొదటి పని వస్తువును పూర్తిగా ఖర్చు చేయలేదు. టీవీ కంపెనీ ఆ స్పీకరును పెట్టింది వార్తలు వినిపించడానికి. ప్లాస్టిక్ గూటిలో, వెనకంతా తెరిచి ఉన్న చోట పదిహేనేళ్లు పనిచేసిన ఆ కోన్ సరైన చెక్క డబ్బాలో వీణ తీగ మీటును ఇంకా నిండుగా వినిపించగలదు. ఆ సామర్థ్యం టీవీ బతికి ఉన్నప్పుడూ దానిలోనే ఉంది, దానికి అవసరం పడలేదంతే. దీనికి ఈ వస్తువు చరిత్ర కూడా తోడైంది. 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు వివరించిన పద్ధతి, అంటే అయస్కాంతం మధ్య తీగచుట్ట, దానికి అతికించిన కోన్, నేటికీ మూలంలో మారలేదు. అందుకే నలభై ఏళ్ల కిందటి వూఫరు ఇవాళ్టి ఆంప్లిఫయరుతో పనిచేస్తుంది. నలభై ఏళ్ల కిందటి కంప్యూటరు ముక్కకు ఆ భాగ్యం లేదు.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి. ఆ సామర్థ్యమంతా చేసేవాడి కంటిలో ఉందే గాని వస్తువులో లేదని ఒకరనవచ్చు. కానీ కంటిలో ఉన్నదైతే కోరినట్టు మారాలి. తీగచుట్ట తెగిన స్పీకరు ఎంత ముద్దుగా చూసినా పాడదు, 50 హెర్ట్జ్ కోన్ 30కి దిగిరాదు. మన కోరికకు లొంగనిదాన్ని మన కల్పన అనలేం. బజారులో ఇంతకన్నా మంచి సెట్టు దొరుకుతుందన్నది రెండో మాట. చాలాసార్లు నిజమే. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో అరగంట తిరిగితే కొత్త వూఫరూ, దానికి సరిపడే క్రాసోవరూ దొరుకుతాయి. ఇంట్లో మిగిలినవాటితో చేసిన డబ్బా వాటిని మించుతుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. శేషంలో శక్తి ఉందా అన్నది నా ప్రశ్న, దానికి జవాబు ఏ సెట్టు మెరుగన్న పోటీలో తేలదు.

శాస్త్రం ఎంగిలిని నిషేధించింది కదా, మిగిలినదాన్ని నెత్తిన ఎలా పెట్టుకుంటాం అన్న ప్రశ్నకు మాత్రం ఆగి జవాబు చెప్పాలి. గీత మూడో అధ్యాయం యజ్ఞశిష్టం తినేవారు పాపాలనుంచి విముక్తులంటుంది, తమ కోసమే వండుకునేవారు పాపాన్నే తింటారంటుంది. నాలుగో అధ్యాయంలో ఆ శిష్టానికి అమృతమని పేరు. అంటే మిగలడం వల్ల అన్నం అపవిత్రం కాలేదు. ఎవరి కోసం పెట్టగా మిగిలిందన్నదే తేడా. ఒకడి భోగంలో మిగిలితే ఎంగిలి, ఇంకొకరికి అర్పించగా మిగిలితే ప్రసాదం. జైమిని చెప్పిన పరార్థం ఇక్కడ తిరిగి కనిపిస్తుంది.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం చివరిది: ఇది అపరిగ్రహానికి విరుద్ధం. పనికొస్తుందేమోనని మంచం కింద, అటక మీద, బాల్కనీ మూలన పెట్టెల నిండా ముక్కలు దాచడం లోభం కాక మరేమిటి? ఈ మాటను నేను తోసిపుచ్చలేను. ఈ అభిరుచి ఉన్నవాళ్లలో ఎక్కువమంది పట్టుబడేది ఇక్కడే, ఇంట్లోవాళ్లు విసుక్కునేదీ ఇందుకే. అయితే దీనికి విరుగుడు కూడా ఆ మీమాంసలోనే ఉంది. పరార్థమైనదే శేషమైతే, ఎవరికీ పనిచేయకుండా పదేళ్లు పెట్టెలో ఉన్న ముక్క శేషమే కాదు, అది వట్టి పోగు. ఇంకా ఒక నియమం ఉంది. యజ్ఞంలో వాడిన వస్తువును పని తీరాక ఎక్కడపడితే అక్కడ పారేయరు, దానికి తగిన చోట విడిచిపెట్టడమే ఒక కర్మ. ప్రతిపత్తి కర్మ అని దానికి పేరు. తీగచుట్ట తెగి, కోన్ చివికి, నిజంగా పని తీరిన స్పీకరుకూ అది చెల్లుతుంది. అయస్కాంతాన్నీ రాగినీ విడదీసి, సీసం ఉన్న టంకపు బోర్డులను కాలవలోనో చెత్తకుప్ప మంటలోనో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించడం దాని ప్రతిపత్తి. దాచడానికీ పారేయడానికీ మధ్య ఉన్న ఈ సన్నటి దారిలో నడవగలిగినవాడికే శేషం మీద మాట్లాడే అర్హత ఉంటుంది.

కాబట్టి ఈసారి ఇంట్లో పాత రేడియోనో టీవీనో పాత సామాన్లవాడికి వేసేముందు, తెలిసినవారి చేత విప్పించి స్పీకరును బయటికి తీయించండి. గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లును దాని రెండు కాళ్లకూ ఒక్క క్షణం తాకించండి. తీగచుట్ట బాగుంటే కోన్ ముందుకో వెనక్కో కదిలి ‘టక్’మంటుంది.