తగ్గిన కేసులు

అమెరికాలో ప్రభుత్వ సహాయం పొందే ఒక్కొక్క కుటుంబాన్నీ ఒక "కేసు" అంటారు. మనకు కేసు అనగానే పోలీసూ, కోర్టూ గుర్తుకొస్తాయి. ఆ సహాయం పంచే తీరు చూస్తే మన అర్థమే దానికి బాగా అతుకుతుందనిపిస్తుంది.

కాలిఫోర్నియా, ఒహైయో వంటి కొన్ని రాష్ట్రాల్లో యీ పని కౌంటీలది. కౌంటీ అంటే యించుమించు మన జిల్లా. దరఖాస్తు తీసుకునేదీ, విచారించేదీ, మంజూరు చేసేదీ, కొట్టివేసేదీ కౌంటీ కచేరీయే. ఎన్ని కేసులు, ఎంత ఖర్చు అని అక్కడే లెక్క తేలుతుంది. కేసులు తగ్గితే పాలన బాగున్నట్టు లెక్క. సహాయం పొందేవాళ్లు తగ్గడం ఏ న్యాయాన మంచి అవుతుందని నేను అడుగుతున్నాను.

లేమి తగ్గి కేసు తగ్గితే మంచిదే. కాని జరిగిందేమిటి? పిల్లలున్న బీద కుటుంబాలకు 1935 నుంచీ వున్న పథకాన్ని 1996 ఆగస్టులో క్లింటన్ సంతకంతో రద్దు చేశారు. పాత పద్ధతిలో అర్హులు పెరిగినకొద్దీ కేంద్రం వాటా పెరిగేది. కొత్త పద్ధతిలో రాష్ట్రాలన్నిటికీ కలిపి ఏటా సుమారు 1,650 కోట్ల డాలర్లు, అంతే. ధరలు పెరిగినా ఆ అంకె పెరగలేదు. కేంద్రం సొమ్ము ఒక కుటుంబానికి సాధారణంగా 60 నెలలకు మించి అందరాదన్నారు. 1994లో సుమారు 50 లక్షల కుటుంబాలు సహాయం పొందుతుండగా, 2000 నాటికి అందులో సగం కూడా మిగల్లేదు. ఆ రోజుల్లో ఉద్యోగాలు పెరిగిన మాట నిజం. చాలామంది తల్లులు పనుల్లో కుదిరిన మాటా నిజమే. అయితే 1996లో ప్రతి 100 బీద కుటుంబాల్లో 68కి సహాయం అందింది. 2020లో, అంటే కరోనా వచ్చి పనులు పోయిన యేడు, 21కే అందింది. బీదరికమే తగ్గి కేసులు తగ్గివుంటే యీ నిష్పత్తి యిలా కూలదు.

మరి సొమ్మేమయింది? నగదు సహాయానికి పోయేది అయిదోవంతు చిల్లర. మిగతాది రాష్ట్రాలు రకరకాల పద్దుల కింద వాడుకుంటాయి. మిసిసిపీలో అది విశ్వవిద్యాలయపు వాలీబాల్ భవనానికి కూడా చేరిందని 2020లో రాష్ట్ర ఆడిటరే బయటపెట్టాడు.

కేసులు తగ్గించిన రాష్ట్రానికి చట్టం బహుమానం కూడా యిస్తుంది. సహాయం పొందేవాళ్లలో యింతమందిని పనిలో పెట్టాలని ఒక కోటా వుంది. కేసులు తగ్గినకొద్దీ ఆ కోటా తగ్గుతుంది. అర్హత నియమాలు బిగించి తగ్గించినది లెక్కలోకి రాదని ఒక మెలిక పెట్టారు గాని, కచేరీ చుట్టూ తిరిగి విసిగి మానుకున్నవాళ్ల విషయంలో అటువంటి మెలిక లేదు. యిక్కడ గుమాస్తా దయగలవాడా కాదా అనే చర్చ నాకు వ్యర్థంగా తోస్తుంది. ముడుపు బిగించి చేతికిచ్చి, దానం చెయ్యమంటే అతనేం చేస్తాడు?

పనిచేసే కూలివాడి పన్ను పనిచెయ్యనివాడికి ఎందుకు పెట్టాలని అడిగేవారున్నారు. ఆ యిద్దరూ వేరువేరు మనుషులన్నట్టు అడుగుతారు! అంగట్లో గంటల లెక్కన పనిచేసే తల్లి ఫ్యాక్టరీ మూతబడ్డ నెలలో, బిడ్డకు జబ్బు చేసిన నెలలో రెండో మనిషి అవుతుంది. ఇంగ్లండులో 1834 నాటి పేదల చట్టం వెనకవున్న సూత్రం కూడా యిదే: సహాయం తీసుకునేవాడి స్థితి అందరికన్న హీనమైన కూలివాడి స్థితికన్న హీనంగా వుండాలి. ఆ సూత్రం బీదవాణ్ణి ఒక్కణ్ణే శిక్షించదు. సహాయమంటే భయపడ్డవాడు ఎంత కూలికైనా ఒప్పుకుంటాడు. అందువల్ల పనిలోవున్నవాడి కూలి కూడా దిగుతుంది. యజమానికి యింతకన్న కావలసిందేముంది?

కాలిఫోర్నియా చట్టంలో 17000వ సెక్షను, ఇంకే దిక్కూ లేని బీదలను కౌంటీ ఆదుకోవాలంటుంది. లాస్ ఏంజిలస్ కౌంటీలో పిల్లలు లేని నిరుపేదకు యిచ్చే మొత్తం రెండు దశాబ్దాలకు పైగా నెలకు 221 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ఆ నగరంలో దానితో గది దొరకదు. చట్టం ప్రకారం మాత్రం అతన్ని ఆదుకున్నట్టే. అతను లెక్కలో ఒక కేసు.

1970లో ఆ దేశపు సుప్రీంకోర్టు, న్యూయార్కు నుంచి వచ్చిన గోల్డ్‌బర్గ్–కెల్లీ వ్యాజ్యంలో, విచారణ జరపకుండా సహాయం ఆపరాదని తీర్పు చెప్పింది. అందుతున్న సహాయాన్ని ఒక హక్కుగా చూసిన తీర్పది. 1996 చట్టం యే వ్యక్తికీ యీ సహాయం హక్కు కాదని రాసిపెట్టింది. పేరు కొట్టేయించుకున్నవాడు విచారణ కోరడానికి ఒక కాగితమైనా వుంటుంది. గుమ్మంలోనుంచే తిరిగిపోయిన మనిషి పేరు ఏ కౌంటీ రిజిస్టరులోనూ వుండదు.