షెకెము పెద్దల మద్దతు



పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. అయినా 2021 ఫిబ్రవరిలో మన నర్సీపట్నం చుట్టుపక్కల ఊళ్లలో ఎక్కడ విన్నా 'ఫలానా సంఘం బలపరచిన అభ్యర్థి' అన్న మాటే. ఒక సాయంత్రం ఓ పెద్దమనిషి వచ్చి, "ఫాదర్ గారూ, ఆదివారం పూజ చివర మావాడి పేరొక్కటి చెప్పండి. గుడి ప్రహరీ సంగతి మేం చూసుకుంటాం" అన్నారు. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం ఆ ప్రహరీ నా కళ్లముందు కదిలింది.

న్యాయాధిపతుల గ్రంథం తొమ్మిదో అధ్యాయం తీసి చదవండి. అబీమెలెకుకు షెకెము పెద్దలు మద్దతు ఎందుకిచ్చారు? అతడు తమవాడని మేనమామలు చెప్పారు, అంతే. గుణమెలాంటిదని ఎవరూ అడగలేదు. బాలు గుడి సొమ్ములోంచి డెబ్బది వెండి నాణెములు తీసి ఇచ్చారు. ఆ డబ్బుతో అతడు అల్లరిమూకను కూలికి పెట్టుకొని సొంత అన్నదమ్ములనే చంపాడు. మూడేళ్లు ఏలాక షెకెమునే నేలమట్టం చేశాడు. తనకు మద్దతిచ్చిన ఊరు సుమండీ!

గురువులు పార్టీల్లో చురుకుగా పాల్గొనరాదని శ్రీసభ చట్టం 287వ సూత్రం చెబుతోంది. ప్రార్థనాస్థలాలను రాజకీయాలకు వాడుకోరాదని 1988లో ప్రభుత్వ చట్టమూ వచ్చింది. ఈ రెండూ వివరించాను. "అయితే మీవాడు వీధి కుళాయికి, శ్మశానం దారికి ఏం చేస్తాడో మా జనానికే వచ్చి చెప్పమనండి" అన్నాను. ఆయన నొచ్చుకొని, టీ తాగకుండానే లేచారు.

ప్రహరీ ఇంకా సగంలోనే ఉంది. మేకలు లోపలికి వస్తే ప్రసంగం మధ్యలో ఎవరో ఒకరు లేవవలసి వస్తోంది.