ఖాళీ గర్భగుడిలో తీసిన ఫోటో

ఈ వారం శ్లోకం, అర్థం లాంటివేమీ లేవు. నేను చేసిన ఒక పని గురించి రాస్తున్నా. అది తప్పో కాదో తేల్చుకోవడానికి నాకే నెల రోజులు పట్టింది.

ఫిబ్రవరి చివర్లో ఆఫీసు నుంచి ఆరుగురం హంపి వెళ్ళాం. హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కితే పొద్దునకల్లా హోసపేట. మూడు రోజుల ప్లాన్: కొండలెక్కడం, తుంగభద్రలో పుట్టి ఎక్కడం, అద్దె సైకిళ్ళ మీద శిథిలాలన్నీ తిరగడం. ఆరుగురిలో క్రమం తప్పకుండా గుడికి వెళ్ళేవాళ్ళం ఇద్దరమే, నేనూ బావా. (నిజంగా బావ కాదు, టీమంతా అతన్ని అలాగే పిలుస్తుంది.) ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత జరిగింది చదివి బావ నాస్తికుడేమో అనుకుంటారు. ఏటా అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్ళే మనిషి అతను.

మొదటి రోజు చీకట్లోనే ఫోన్ లైట్లు వేసుకుని మాతంగ పర్వతం ఎక్కాం. తెల్లారాక చుట్టూ చూస్తే కనుచూపు మేర గుండ్రాళ్ళే. ఎవరో బస్తాలతో తెచ్చి గుమ్మరించినట్టుంటాయి గానీ వాటిని ఎవరూ తేలేదు. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు అది. పగుళ్ళలోకి నీరు దిగి, మెత్తబడిన భాగం కొట్టుకుపోయి, గట్టి భాగం ఉన్నచోటే గుండ్రంగా మిగిలింది. ఇదే కిష్కింధ అని, సుగ్రీవుడు వాలికి భయపడి దాక్కున్న కొండలు ఇక్కడివేనని స్థానికుల నమ్మకం. పైన గాలిలో నిలబడితే నమ్మడం పెద్ద కష్టమనిపించలేదు.

మధ్యాహ్నం కృష్ణాలయానికి వెళ్ళాం. విరూపాక్ష ఆలయంలో ఇప్పటికీ నిత్యపూజ జరుగుతుంది కాబట్టి అక్కడ పొద్దున్నే చెప్పులు విప్పి, దర్శనం చేసుకుని, బుద్ధిగా బయటికొచ్చాం. కృష్ణాలయంలో పూజ లేదు. ఎండకి రాయి కాలుతోంది, అందరం షూస్‌తోనే లోపలికి నడిచాం. మా టెస్టింగ్ టీమ్ అమ్మాయి ఒక్కతే గర్భగుడి గడప దగ్గర షూ విప్పింది. "నువ్వెందుకు?" అంటే "ఏమో, కాళ్ళే ఆగిపోయాయి" అంది. మేం నవ్వాం.

లోపల చీకటి, గబ్బిలాల వాసన. విగ్రహం ఉండాల్సిన చోట బావ కాళ్ళు మడిచి కూర్చుని, చేతిలో వెన్నముద్ద ఉన్నట్టు పోజు పెట్టాడు. ఫ్లాష్ వేసి ఫోటో తీసింది నేనే. బాగా వచ్చింది కూడా.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేశా. మాది నెల్లూరు జిల్లా, అవ్వ పుట్టిల్లు ఉదయగిరి పక్కనే. "దర్శనం అయిందా?" అంది. అయిందని చెప్పి, గైడ్ చెప్పిన సంగతి గుర్తొచ్చి ఉత్సాహంగా చెప్పేశా: శ్రీకృష్ణదేవరాయలు గజపతుల మీద యుద్ధంలో ఉదయగిరి గెలిచి, అక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తెచ్చి, 1515లో ఈ గుడి కట్టి ప్రతిష్ఠించారట, ఆ శాసనం ఇంకా ఉంది అని.

"అంటే మన ఉదయగిరి సామేనా? ఇప్పుడు యాడుండాడ్రా?"

"మద్రాసు మ్యూజియంలో అవ్వా."

"ఆడ దీపం పెడతారా?"

"పెట్టరు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అన్నం తిన్నావా" అంది. ఆ రాత్రి ఫోటో మళ్ళీ తెరిచి చూస్తే ఎందుకో గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది.

గది బయట కూర్చుని బావతో వాదన వేసుకున్నా. అతని మాటలో బలముంది, తేలిగ్గా తీసేయలేం. "ప్రాణప్రతిష్ఠ చేస్తేనే విగ్రహం దేవుడవుతుంది. వినాయక చవితికి మనమే ఉద్వాసన చెప్పి, పొద్దుటిదాకా దణ్ణం పెట్టిన బొమ్మని నీళ్ళలో వేస్తాం. ఇక్కడ విగ్రహమే లేదు, నాలుగు గోడలున్నాయి. నేనెవర్ని అవమానించాను?"

శాస్త్రం ప్రకారం నా దగ్గర సరైన జవాబు లేదు. ఒక్కటే అన్నా: ఉద్వాసన అనేది ఒక క్రియ, ఎవరో కూర్చుని చేయాలి. గుడి బాగుచేసేటప్పుడు కూడా స్వామిని కలశంలోకి ఆవాహన చేసి, బాలాలయం కట్టి, అక్కడ పూజ సాగిస్తారు. యాదాద్రి పునర్నిర్మాణం జరిగినన్నాళ్ళు భక్తులు బాలాలయంలోనే దర్శనం చేసుకున్నారు. 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక హంపి ఖాళీ అయినప్పుడు, ఇన్ని గుళ్ళలో ఎవరు కూర్చుని ఉద్వాసన చెప్పి ఉంటారు? బావ నవ్వి, "అది నువ్వు గెలవడానికి వెతుక్కున్న పాయింటు" అన్నాడు. నిజమే.

అసలు నన్ను కుదిపింది వేరే. విరూపాక్షలో నేను ఒద్దికగా ఎందుకున్నాను? అక్కడ స్వామి చూస్తున్నాడని. కృష్ణాలయంలో ఎందుకు లేను? చూసేవాళ్ళు లేరని. మా భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్ సర్వర్‌లో చెయ్యి వణుకుతుంది, టెస్ట్ సర్వర్‌లో ఏం చేసినా పర్లేదు. ఇన్నాళ్ళూ భక్తి అనుకున్నదాంట్లో ఎంత భాగం లాగ్స్ ఎవరో చూస్తున్నారన్న భయం? ఈ ప్రశ్న నాకస్సలు నచ్చలేదు.

ఇంకో దారి కూడా ఆలోచించా. "మన గుళ్ళని పాడుచేశారు, అందుకే అక్కడ మరింత గౌరవంగా ఉండాలి" అని చాలామంది అంటారు, నేనూ అనేవాణ్ణి. 1565 అనగానే నాకూ కోపం వస్తుంది. మరి అవ్వ అడిగిన ప్రశ్న సంగతి? ఉదయగిరి గుడి ఖాళీ చేసింది రాయలే. అది వింటూ నేను చప్పట్లు కొట్టినంత పని చేశా. గౌరవంగా తెచ్చారు, గొప్ప గుడి కట్టారు, ఆ రోజుల్లో రాజులు అలాగే చేసేవారు, అన్నీ ఒప్పుకుంటా. కానీ ఉదయగిరిలో ఆ మర్నాడు పొద్దున గడప ముందుకొచ్చి నిలబడిన ముసలమ్మ ఎవరైనా ఉండి ఉంటే, ఆవిడకి ఈ కారణాలేం చెప్తాం? కోపం మీద నిలబెట్టిన గౌరవం, తప్పు మనవాళ్ళదైన చోట ఎటు పోతుందో నాకు తెలియలేదు.

మర్నాడు సైకిళ్ళ మీద లక్ష్మీనరసింహ విగ్రహం దగ్గర ఆగాం. 1528 నాటిది, ఒకే రాయి, 6.7 మీటర్ల ఎత్తు. ఒకప్పుడు తొడ మీద అమ్మవారు ఉండేది. ఇప్పుడు ఆవిడ లేదు, స్వామి వీపు మీద వేసిన ఆవిడ చెయ్యి మాత్రం మిగిలింది. పక్కకి తిరిగి వెతికితేనే కనిపిస్తుంది. పూజ లేదు. దాన్ని ఆనుకునే బడవిలింగం: మూడు మీటర్ల శివలింగం, అడుగున ఎప్పుడూ నీళ్ళు. అక్కడ పూజ ఉంది. ఒక వృద్ధ పూజారి దశాబ్దాల పాటు ఆ నీళ్ళలో దిగి, పానవట్టం మీదికెక్కి లింగాన్ని శుభ్రం చేసేవారట. నరసింహుడి ముందు మేం షూస్‌తో, పది అడుగులు వేశాక షూస్ విప్పి. ఆ పది అడుగుల మధ్యలో బావ ఆగి వెనక్కి చూశాడు. ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

శిథిలాన్ని ముట్టుకోకుండా దూరంగా నిలబడటమే గౌరవమని మాత్రం నేను అనుకోవట్లేదు. మూడో రోజు మిట్టమధ్యాహ్నం ఒక మండపంలో గొర్రెలాయన కంబళి పరుచుకుని గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. తలకింద చెప్పులు. నాకది అపచారంలా అనిపించలేదు. అలసినవాడు పడుకోవడానికే కదా మండపం కట్టింది. విరూపాక్ష బజారు మండపాల్లో ఏళ్ళ తరబడి కాపురాలు, కొట్లు ఉండేవి, 2011లో ఖాళీ చేయించారు. రాళ్ళని కాపాడాలన్నది సరే, ఆ కుటుంబాల సంగతి తల్చుకుంటే ఆ శుభ్రమైన వీధి నాకు పూర్తిగా ఆనందం ఇవ్వలేదు.

గొర్రెలాయనకీ మాకూ తేడా ఏంటి? ఆయన ఆ చోటుని దాని పనికే వాడుకున్నాడు. మేం ఆ చోటుని జోకుకి వాడుకున్నాం. 2019 ఫిబ్రవరిలో కొందరు కుర్రాళ్ళు హంపిలో రాతి స్తంభాన్ని తోసి పడేసిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. కోర్టు ఒక్కొక్కరికి 70,000 జరిమానా వేసి, స్తంభాన్ని వాళ్ళ చేతే తిరిగి నిలబెట్టించింది. అప్పుడు నేను కామెంట్లలో బాగానే తిట్టా. ఇప్పుడు మా ఫోటో చూస్తే, మేం ఏ రాయినీ కదపలేదన్నది నిజమే, కానీ కెమెరా ఆన్ చేసినప్పటి మా నవ్వు వాళ్ళ నవ్వులాంటిదే.

గర్భగుడిలో స్వామి ఉన్నాడా లేడా అన్న ప్రశ్న బావా నేనూ ఇంకా తేల్చుకోలేదు, తేలకపోయినా ఫర్వాలేదనిపిస్తోంది. 500 ఏళ్ళ కిందట ఎవరో ఆ గడపకి కళ్ళకద్దుకుని లోపలికి చూశారు. వాళ్ళు చూసిన దిక్కున నేను ఫ్లాష్ కొట్టా. షూ విప్పిన అమ్మాయికి ఈ వాదనలేవీ అవసరం పడలేదు.

బావ ఆ ఫోటో స్టేటస్ పెట్టుకుంటా పంపమని రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడగలేదు. నేనైతే డిలీట్ చేశా.

వచ్చే నెల ఆఫీసు పని మీద చెన్నై వెళ్తున్నా. ఎగ్మోర్ మ్యూజియానికి శుక్రవారం సెలవని చూసి, గురువారానికి టికెట్ మార్చుకున్నా. అవ్వకి చెప్తే సామికి ఇమ్మని కొంచెం వెన్న తీసకపొమ్మంది. లోపలికి రానివ్వరని ఆవిడకి ఇంకా చెప్పలేదు.