అల్లుడికి ఏ విమానం కొనాలి?

మా అక్క కొడుకు పులివెందులలో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకుంటే అడిగింది కొనిస్తానని పోయిన వేసవిలో మాటిచ్చాను. సైకిల్ అడుగుతాడనుకున్నాను. వాడు విమానం అడిగాడు. ఎగిరేది కాదు, రిమోట్‌తో నడిచేది కాదు. పెట్టెలో ప్లాస్టిక్ ముక్కలుగా వస్తుంది. వాటిని కత్తిరించి, అంచులు గీకి, జిగురుతో అతికించి, రంగులు వేసి మనమే తయారు చేసుకోవాలి. నిజం విమానంలో డెబ్బై రెండో వంతు ఉంటుంది. అదీ ప్రయాణికుల విమానం కాదు, యుద్ధ విమానం.

ప్రొద్దుటూరులో బంగారం అంగళ్లకు కొదవ లేదు గానీ ఇలాంటి పెట్టె అమ్మే అంగడి నాకు దొరకలేదు. ఫ్యాన్సీ షాపుల్లో ఉన్నవన్నీ తాళంచెవి తిప్పితే గిర్రున తిరిగే బొమ్మలే. చివరికి జమ్మలమడుగులో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఫోన్లో వెతకడం మొదలుపెట్టాం. వెయ్యి రూపాయల పైచిలుకు నుంచి ఉన్నాయి. డబ్బు సంగతి పది నిమిషాల్లో తేలిపోయింది. ఏ విమానం అన్నది తేలడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో నాకు కలిగిన సందేహాలనే ఇక్కడ రాస్తున్నాను. రేపు మీ ఇంట్లోనో, మీ బడిలోనో ఒక పిల్లవాడు ఇదే అడగవచ్చు.

బొమ్మే కదా, ఏదైతేనేం అని మొదట నేనూ అనుకున్నాను. గండికోటకు పిల్లల్ని విహారయాత్రకు తీసుకుపోతాం. అదీ యుద్ధం కోసం కట్టినదే. మీర్ జుమ్లా అక్కడ ఫిరంగులు పోత పోయించాడు. పిల్లలు ఆ గోడలెక్కి కర్రలు తుపాకుల్లా పట్టుకుని "ఢాం ఢాం" అంటుంటే మనం ఫొటోలు తీస్తాం, ఎవరికీ బాధ కలగదు. అయితే ఈ పెట్టెలో ఒక చిక్కు ఉంది. ముక్కలతో పాటు డెకాల్స్ అని ఒక కాగితం వస్తుంది. నీళ్లలో నానబెట్టి విమానం మీద అంటించే గుర్తులు అవి. అందులో ఊరికే విమానం అని ఉండదు. ఫలానా దేశపు, ఫలానా దళపు, ఫలానా సంవత్సరపు విమానం అని ఉంటుంది. అంటే బొమ్మ చేసేవాడు ఒక పక్షం, ఒక కాలం ఎంచుకోక తప్పదు. పెట్టే మనల్ని ప్రశ్న అడుగుతుంది.

వాడు మొదట చూపించింది హంటర్. 'బోర్డర్' సినిమా చూసిన వాళ్లందరికీ అది తెలుసు. 1971 డిసెంబరులో లొంగేవాలా దగ్గర సుమారు 120 మంది మన సైనికులు రాత్రంతా పాకిస్తాన్ ట్యాంకులకు ఎదురు నిలిచారు. తెల్లవారాక జైసల్మేర్ నుంచి వచ్చి ఆ ట్యాంకులను ఇసుకలో పాతరేసినవి హంటర్ విమానాలే. ఆ కథ విని రొమ్ము పొంగని పిల్లవాడు ఉండడు. నేనూ పొంగాను.

కానీ అవే హంటర్లు, వాటితో పాటు తూఫానీలు 1966 మార్చి మొదటి వారంలో ఇంకో చోట ఎగిరాయి. ఆ చోటు మిజో కొండల్లోని ఐజ్వాల్. మిజో నేషనల్ ఫ్రంట్ తిరుగుబాటు చేసి అస్సాం రైఫిల్స్ శిబిరాన్ని చుట్టుముట్టింది. ప్రభుత్వానికి దాని కారణం దానికి ఉంది. అయినా పైనుంచి కాల్పులు, నిప్పు బాంబులు పడింది ఊరి మీద. ఇళ్లు, అంగళ్లు కాలిపోయాయి. జనం పిల్లల్ని ఎత్తుకుని కొండల్లోకి పరుగెత్తారు. వాళ్లు మన దేశస్థులు, మనలాగే షెడ్యూల్డ్ తెగల వాళ్లు. మార్చి 5ను అక్కడ ఇప్పటికీ తలుచుకుంటారు. లొంగేవాలా వీరుల గురించి విన్న పిల్లలకు ఐజ్వాల్ పేరు మిజోరాం రాజధానిగా తప్ప తెలియదు.

ఈ సంగతి వాడికి చెప్పాలా వద్దా? నాకు వచ్చిన మొదటి సందేహం ఇదే. పద్నాలుగేళ్ల వాడు. వాయుసేనలో చేరతానంటున్నాడు. మన పిల్లలు ఆకాశం వైపు చూడడమే తక్కువ. చూసినవాడి కళ్లలో నేనే దుమ్ము కొట్టాలా? నాకు తెలిసిన ఒక టీచరు మిత్రుడు "నీ బాధ నీ దగ్గర పెట్టుకో, వాణ్ని ఎగరనీ" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. మన ముందు తరాల దుఃఖాన్ని పిల్లల నెత్తిన మూటగా పెట్టే హక్కు మనకు లేదు. అయితే దాచిపెట్టే హక్కు ఉందా? నేడు దాచిన సంగతి రేపు వాడికి వేరొకరు చెబుతారు. అప్పుడు వాడికి విమానం మీద కాదు, నా మీద నమ్మకం పోతుంది. చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "హంటర్ వద్దులే మామా, వేరేది చూద్దాం" అన్నాడు.

నేను స్పిట్‌ఫైర్ చూపించాను. అది పాతది, దూర దేశానిది, హిట్లర్ మీద పోరాడింది, ఏ గొడవా లేదు అనుకున్నాను. అక్కడే నేను బాగా ఇరుక్కున్నాను.

రెండో ప్రపంచ యుద్ధంలో విరాళాలు ఇచ్చిన ప్రాంతాల పేర్లు బ్రిటిష్ వాయుసేన దళాలకు పెట్టారు. నిజాం డబ్బుతో 152వ దళం 'హైదరాబాద్' అయింది. 79, 234, 264 దళాలకు 'మద్రాస్ ప్రెసిడెన్సీ' అన్న పేరు చేరింది. అందులో 234వ దళం 1940లో స్పిట్‌ఫైర్లతోనే ఇంగ్లండును కాచింది. మద్రాసు ప్రెసిడెన్సీ అంటే మనమే. అప్పుడు కడప జిల్లా అందులోనే ఉంది. ఒక రకంగా ఆ రెక్కల మీద మన పేరు ఉంది.

అదే సమయంలో అదే ప్రెసిడెన్సీలో మా ఎరుకల వాళ్లు ఎలా ఉన్నారు? 1871లో పుట్టి, 1911 చట్టంతో మద్రాసుకు వచ్చిన నేరస్థ తెగల చట్టం కింద మాలో ఎన్నో గుంపులు పేర్లు రాయించుకుని, వేలిముద్రలు ఇచ్చి, రాత్రుళ్లు ఠాణాలో హాజరు పలుకుతున్నాయి. పుట్టిన బిడ్డ పుట్టుకతోనే అనుమానితుడు. మా అబ్బ గంపలు అమ్ముకోవడానికి పక్క ఊరికి పోవాలన్నా చీటీ కావాలి. ఆయన ఆ రోజులు చెప్పేటప్పుడు కోపంగా చెప్పేవాడు కాదు. వాన రాలేదు, పంట పోయింది అన్నట్టు చెప్పేవాడు. అది నాకు ఇంకా కష్టంగా ఉండేది. మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. విమానం మీద మా ప్రెసిడెన్సీ పేరు రాసిన ప్రభుత్వమే మా అబ్బ పేరు ఠాణా పుస్తకంలో రాసింది.

అయితే స్పిట్‌ఫైర్‌ను పక్కన పెట్టేద్దామా? అదీ కుదరలేదు. అది ఎవరి మీద పోరాడిందో చూడండి. ఐరోపాలోని రోమా సంచార జాతుల పూర్వీకులు మన దేశం నుంచి పోయినవాళ్లే. వాళ్లనూ నాజీలు పుట్టు నేరగాళ్లు అని ముద్ర వేశారు, పేర్లు రాశారు, వేలిముద్రలు తీశారు. తర్వాత లక్షల మందిని చంపారు. మా అబ్బను హాజరు పిలిపించిన సామ్రాజ్యమే, హాజరు పుస్తకం నుంచి చావు గది దాకా పోయిన సామ్రాజ్యంతో పోరాడింది. దీన్ని తూచడానికి నా దగ్గర తక్కెడ లేదు. నేరస్థ తెగల చట్టాన్ని క్షమించకుండానే, ఆ యుద్ధం ఆ పక్షం గెలవడం మంచిదైంది అని మాత్రం చెప్పగలను. ఒక వస్తువు ఒకే రోజున ఒకరికి కంచె, ఇంకొకరికి సంకెల కావచ్చు.

అల్లుడికి ఇదంతా కొంచెం విసుగనిపించింది. వాడి మనసు అప్పటికే అపాచీ హెలికాప్టర్ మీదికి పోయింది. 2019 సెప్టెంబరులో పఠాన్‌కోట్‌లో మన వాయుసేనలో చేరిన హెలికాప్టర్ అది. వీడియోల్లో చూసి వాడికి దాని ప్రతి భాగం పేరు తెలుసు. పేరు ఎక్కడిదో మాత్రం తెలియదు.

అపాచీలు అమెరికా ఆదివాసులు. వాళ్ల నాయకుడు జెరోనిమో 1886లో ఆ దేశ సైన్యానికి లొంగిపోయాడు. ఆయన మనుషుల్ని రైలెక్కించి దూరాన ఫ్లోరిడాకు పంపారు. ఆయన 1909లో ఖైదీగానే చనిపోయాడు. ఏ సైన్యం వాళ్లను వేటాడిందో ఆ సైన్యమే తన హెలికాప్టర్‌కు వాళ్ల పేరు పెట్టుకుంది. చినూక్, లకోటా, కయోవా అన్నీ తెగల పేర్లే. బ్లాక్ హాక్ ఒక తెగ నాయకుడు. మన వాయుసేన మొదటి విమానం పేరు వాపిటి. అది షానీ ఆదివాసుల భాషలో ఒక జాతి దుప్పి పేరు. 1937లో ఆ వాపిటిలు వజీరిస్తాన్ కొండ తెగల మీదికి పోయాయి. పేరు ఒక తెగ భాషది, బాంబులు ఇంకో తెగ మీద. (మా పేరుకూ ఇలాంటి అనుభవమే ఉంది. ఎరుకల సాని నాటకాల్లో కావాలి, సినిమా పాటల్లో కావాలి, తిట్టడానికీ కావాలి. అద్దె ఇంటికి పోతే మాత్రం ఆ పేరు పనికిరాదు.)

నేను ఇది అవమానం అన్నాను. వాడు ఒప్పుకోలేదు.

"పేరు లేకపోతే వాళ్ల సంగతి నాకు ఎట్ల తెలిసేది మామా? పేరు ఉండబట్టే గదా నువ్వు ఇంతసేపు చెప్పినావు!"

"పేరు ఉంది, మనుషులు యాడికి పోయినారు రా?"

"అదే అడిగేదానికి పేరు ఉండాల. సరే, మన వాళ్లు ఒక హెలికాప్టర్‌కు ఎరుకల అని పేరు పెడితే నువ్వు కోపం చేసుకుంటావా, సంతోషపడతావా?"

నాకు వెంటనే జవాబు రాలేదు. "మనల్ని అడిగి పెడుతున్నారా, అడగకుండా పెడుతున్నారా చూడాల" అన్నాను. లోపల గంప అల్లుతున్న మా అమ్మ, "పేరు పెట్టుకున్నందుకు కూలి ఏమన్నా ఇస్తారంటనా?" అంది. అందరం నవ్వాం. కానీ ముగ్గురిలో సరైన ప్రశ్న వేసింది ఆమేనని ఇప్పటికీ అనుకుంటాను.

అడిగి పెట్టడం, అడగకుండా పెట్టడం వేరువేరు అని నేను గట్టిగా నమ్ముతాను. లకోటా హెలికాప్టర్‌ను ఆ తెగ పెద్దలు తమ పద్ధతిలో ఆశీర్వదించారు. అది వాళ్ల ఇష్టం, నేను తప్పుపట్టను. 2011లో ఒసామా బిన్ లాడెన్ వేటకు జెరోనిమో పేరు వాడినప్పుడు అక్కడి ఆదివాసులే అభ్యంతరం చెప్పారు. అదీ వాళ్ల హక్కే. ఎక్కడో జమ్మలమడుగులో కూర్చుని వాళ్ల తరఫున నేను రోషపడడం సులభం. ఆ రోషం కోసం నా అల్లుడి ముచ్చట ఆపడం ఇంకా సులభం. అందుకే కొనను అనలేదు. ఒక్కటే అడిగాను. విమానం చేసేటప్పుడు కింద ఉన్న వాళ్లను కూడా లెక్క వేయాలి అన్నాను.

లెక్క అంటే నిజంగా లెక్కే. డెబ్బై రెండో వంతు అంటే ఆరడుగుల మనిషి ఒక అంగుళం. ఆ పెట్టెలో పైలట్ బొమ్మ ఉంటుంది, కింద మనిషి బొమ్మ ఉండదు. మా బడిలో ఐదో తరగతి పిల్లలకు నిష్పత్తి పాఠం అప్పుడే నడుస్తోంది. మీ ఇల్లు ఈ కొలతలో ఎంత ఉంటుందో చెప్పండి అన్నాను. పన్నెండు అడుగుల ఇల్లు రెండు అంగుళాలు. మూడు వందల మీటర్ల ఎత్తున పోయే విమానం నాలుగు మీటర్ల పైచిలుకు ఎత్తున, అంటే మా బడి కప్పు కంటే పైన. ఒక పిల్ల ఆ ఎత్తు చూసి, "అంత పైనుంచి మా అమ్మ కనపడదు సార్" అంది. ఉపాధ్యాయ మిత్రులు ఈ లెక్క ఒకసారి చేయించి చూడండి. యుద్ధం మంచిదా చెడ్డదా అని వ్యాసం రాయిస్తే పిల్లలు మనకు నచ్చినదే రాస్తారు. ఈ లెక్కలో అలా కుదరదు.

అపాచీనే తెప్పించాం. నాకు పూర్తిగా ఇష్టం లేకుండానే డబ్బు కట్టాను. పెట్టె విప్పిన రోజు ముక్కలను చట్రం నుంచి తుంచబోయి వాడు ఒకటి విరిచాడు. మా అమ్మ వాణ్ని పక్కకు జరిపి, ఈతపుల్లలు చీల్చే కత్తితో ఒక్కొక్కటే అంచు తెగకుండా కోసి ఇచ్చింది. అతికించడం అయిపోయింది. అంగుళం మనుషులు ఇద్దరూ తమ తమ కుర్చీల్లో కూర్చున్నారు. రంగు మాత్రం ఇంకా వేయలేదు. ఏ దేశం గుర్తులు అంటించాలో వాడు ఇంకా తేల్చుకోలేదు.