లోతునకు మొదలెచ్చట?

నేపాళదేశమున వాయవ్యదిశను, ముగు జిల్లాలో, సముద్రమట్టమునకు 2,990 మీటర్ల యెత్తున అరణ్యపరివృతమై యొప్పుచున్న రారా సరస్సు, 167 మీటర్ల లోతుతో, ఆ దేశపు సరోవరములలో మిక్కిలి గంభీరమైనదని ప్రసిద్ధి కెక్కినది. డోల్పాలోని ఫోక్సుండో లోతు 145 మీటర్లు. మనాంగ్ సీమలోని తిలిచో లోతు సుమారు 85 మీటర్లు. కొలతలు సత్యములే, వరుసయు సత్యమే. అయినను, మతములను, గురువులను, భక్తులను సైతము మన మిట్లే లోతుల వరుసను నిలిపి, ఇది గంభీరము, అది నిస్సారము అని తీర్పు చెప్పుచుందుము గదా. అట్టి తీర్పునకు ఆధార మేమైన గలదా యని ఈ సరస్సుల చెంతనే విచారింపదగియున్నది.

ఫోక్సుండో నీటిమట్టము 3,611 మీటర్ల యెత్తున నున్నది. అందుండి దాని లోతంతయు తీసివేసినను అడుగునేల సుమారు 3,466 మీటర్ల యెత్తున నిలుచును. అనగా లోతున తక్కువైన సరస్సు యొక్క అట్టడుగు, లోతున మేటియైన సరస్సు నీటిమట్టముకంటె 470 మీటర్లకు పైగా ఎగువ నున్నది. ఒడ్డున నిలిచి కొలిచినవానికి రారా లోతైనది. సముద్రమునుండి కొలిచినవానికి ఫోక్సుండో అడుగే ఉన్నతమైనది. జైన దార్శనికులు నయవాదమున బోధించిన దిదియే: ప్రతివచనమును ఒకానొక దృష్టి నాశ్రయించియే సత్యమగును, కావున వక్త తాను నిలిచిన చోటెద్దియో యెఱిగి పలుకవలెను. సత్యము లేదని వారనలేదు. ఒక్క వైపునే చూచి అదియే సర్వస్వమని గ్రహించుట దోషమనిరి.

మఱియు, లోతు సరస్సు స్వయముగా నార్జించుకొన్నది కాదు. వేలకొలది సంవత్సరములకు పూర్వము ఒక మహాపర్వతపార్శ్వము విరిగిపడి లోయ నడ్డగింపగా, దిగువకు దారిలేని జలములు నిలిచి ఫోక్సుండో ఏర్పడినది. దాని లోతు ఆ కొండ కూలుటవలన సంప్రాప్తమైనది. మనుష్యునియందు మనము గాంభీర్యమని కొనియాడునదియు పెక్కుమార్లు ఆతడు కోరి తెచ్చుకొన్నది గాక, బ్రతుకున కడ్డముగా పడిన యే శోకమువలననో సమకూడినదై యుండును. అట్టిదానికై గర్వించుట అది గలవానికి తగదు. అది లేదని యొకని నిందించుట చూచువానికి అంతకంటెను తగదు.

ఇక గోసాయికుండము. 4,380 మీటర్ల యెత్తున నున్న యీ చిన్న సరస్సునకు శ్రావణ పూర్ణిమనాడు వేలాది యాత్రికులు చలిని, ఆయాసమును సహించి యెక్కిపోవుదురు. కాలకూటమును మ్రింగిన పరమశివుడు తన కంఠతాపము చల్లారుటకై త్రిశూలమున కొండను పొడిచి ఈ జలమును వెలువరించెనని వారి విశ్వాసము. అందు మునుగువాడు లోతెంతయని యడుగడు. ఇది తాపమును చల్లార్చిన నీరను నమ్మకమే యాతనికి చాలును. ధర్మమునందు కొలత వలదని నా తాత్పర్యము కాదు. నీటి లోతును కొలుచుట శాస్త్రము. తన లోతును తాను పరీక్షించుకొనుట సాధన. పరుల లోతులకు వరుససంఖ్యలు వేయుట ఆ రెంటిలో నేదియు కాదు. ఒక విశ్వాసమును గూర్చి యడుగదగిన ప్రశ్న, అది యెంత లోతైనదని కాదు, ఎవ్వరి తాపమును చల్లార్చినదని.